ఐస్ స్కేట్స్‌ని భద్రంగా మోసుకెళ్లడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలోని ఒట్టావాలో మాకిది తొమ్మిదో చలికాలం. అమ్మాయి ఫిగర్ స్కేటింగ్ చేస్తుంది, అబ్బాయి ఐస్ హాకీ ఆడతాడు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలవాళ్లు స్కేట్స్ (అడుగున బ్లేడ్ ఉండే బూట్లు) ఏ సైజు కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది అని మమ్మల్ని అడుగుతూనే ఉంటారు. కొన్నాక వాటిని ఎలా మోయాలో మాత్రం ఎవరూ ముందుగా అడగరు. పిల్లల బ్లేడ్లు పాడైనా, వేళ్లు తెగినా, మా ఇంట్లో అదంతా జరిగింది ఇంటికీ రింక్‌కీ (స్కేటింగ్ చేసే మంచు మైదానానికీ) మధ్యలోనే. ఈ ఊళ్లో, మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

స్కేట్ బ్లేడ్ నిజంగా అంత పదునుగా ఉంటుందా? చూడటానికి మొద్దుగానే ఉందే?

చూడటానికి అలాగే ఉంటుంది. ఫిగర్ స్కేట్ బ్లేడ్ మందం దాదాపు 4 మిల్లీమీటర్లు, హాకీ బ్లేడ్ 3 మిల్లీమీటర్ల దాకా. కత్తి అంచులా సన్నగా ఉండదు కాబట్టి తెగదనుకుంటాం. కానీ బ్లేడ్‌ని తిరగేసి అడుగు భాగం చూడండి. మధ్యలో పొడవునా ఒక గాడి ఉంటుంది. ఆ గాడికి రెండు పక్కలా రెండు అంచులు. పదునంతా ఆ అంచుల్లోనే. ఫిగర్ స్కేట్‌కి ముందువైపు టో పిక్ అనే పళ్లు కూడా ఉంటాయి, అవి రంపంలా గీరుకుంటాయి.

మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చిన మొదటి చలికాలంలో, కారులో వెనక సీట్లో కూర్చుని, పిల్లలకి జంతికల డబ్బా తీద్దామని స్కేట్ బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. అందులో గార్డ్ (బ్లేడ్ తొడుగు) ఊడిపోయిన స్కేట్ ఒకటి ఉంది. చూపుడువేలు పక్కన సన్నని గీత పడింది. ముందు రక్తం కూడా రాలేదు, రెండు క్షణాల తర్వాత బొటబొటా కారింది. "ఏంటమ్మా ఇది, కత్తిపీటని సంచిలో వేసుకుని తిరుగుతున్నారా?" అంది. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. మన ఇళ్లలో కత్తిపీట పని అవగానే పక్కకి వాల్చి, పిల్లలకి అందని మూల పెట్టేవాళ్లం. స్కేట్స్‌ని కూడా అలాగే చూడాలి.

ఇది చిన్న విషయం కాదు. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆట మధ్యలో మెడకి బ్లేడ్ తగిలి ఆడమ్ జాన్సన్ అనే హాకీ ఆటగాడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పిల్లల్ని భయపెట్టమని కాదు, పెద్దవాళ్లం తేలిగ్గా తీసుకోకూడదని చెబుతున్నాను.

హార్డ్ గార్డ్స్, సోకర్స్ అని రెండు అమ్ముతున్నారు. రెండూ కొనాలా?

రెండూ కావాలి, రెండిటి పనీ వేరు.

హార్డ్ గార్డ్స్ అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగులు. స్కేట్స్ కాళ్లకి ఉన్నప్పుడు, మంచు మీద కాకుండా నేల మీద నడవడానికి ఇవి. సోకర్స్ అంటే టవల్ గుడ్డతో కుట్టిన మెత్తటి తొడుగులు. తుడిచాక మిగిలిన కాస్త తేమని పీల్చుకుంటాయి, బ్యాగ్‌లో బ్లేడ్ దేనికీ తగలకుండా కాపాడతాయి. హార్డ్ గార్డ్స్ నడకకి, సోకర్స్ దాచడానికి అని గుర్తుపెట్టుకోండి.

ఎక్కువమంది చేసే తప్పు, మేమూ చేసిన తప్పు, హార్డ్ గార్డ్స్ తొడిగే బ్యాగ్‌లో పడేసి ఇంటికి వచ్చేయడం. ఒక సంక్రాంతికి పిండివంటలు, బంధువులు, ముగ్గుల పోటీ హడావిడిలో వారం రోజులు బ్యాగ్ తెరవలేదు. తెరిచి గార్డ్ లాగితే లోపల నీళ్లు ఉన్నాయి. అంచు పొడవునా నారింజ రంగు గీత. పదును పెట్టించి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆ గీత మీద వేలితో ఒకసారి రాసి చూసుకుని ఊరుకుంది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మంచు మీద నుంచి దిగాక సరిగ్గా ఏం చేయాలి?

ఈ ఒక్క జవాబైనా పూర్తిగా చదవమని అడుగుతున్నాను.

గేటు దగ్గర గార్డ్స్ తొడుక్కుని బెంచీ దాకా రావాలి. స్కేట్స్ విప్పాక గార్డ్స్ తీసేసి, బ్లేడ్ మీద పేరుకున్న మంచు పొడిని ముందు దులపాలి. తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. అంచుకి అడ్డంగా కాకుండా బ్లేడ్ పొడవునా, గుడ్డని మందంగా మడిచి, మడమ వైపు నుంచి ముందుకి తుడవండి. పిల్లల చేత చేయిస్తుంటే మొదట్లో మీ చేతిని వాళ్ల చేతి మీద పెట్టి చూపించండి. బూటుకీ బ్లేడ్‌కీ మధ్య ఉండే రేకు, దాని స్క్రూల చుట్టూ కూడా తుడవాలి. నీళ్లు నిలిచేది అక్కడే. తోలు అడుగు ఉన్న ఫిగర్ స్కేట్స్‌లో ఆ నీళ్లు స్క్రూ రంధ్రాల్లోంచి లోపలికి దిగితే అడుగు మెత్తబడి బ్లేడ్ వదులవుతుంది.

ఇంతా చేశాక కూడా పని అవ్వదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టినట్టే, చల్లటి బ్లేడ్ వెచ్చటి గదిలోకి రాగానే దానికీ చెమట పడుతుంది. పొడిగా తుడిచి పెట్టిన బ్లేడ్ పది నిమిషాల్లో మళ్లీ తడిగా ఉంటుంది. అందుకని బూట్లు మార్చుకుని, హెల్మెట్ సర్ది, నీళ్లు తాగాక, బయల్దేరే ముందు రెండోసారి తుడవండి. అప్పుడు సోకర్స్ తొడగండి.

ఇంటికి రాగానే బ్యాగ్ తెరవాలి, రేపు తీద్దాంలే అనుకోవద్దు. సోకర్స్ తీసి వేరేగా ఆరేయాలి, ఎందుకంటే తడి సోకర్స్ కూడా తుప్పు పట్టిస్తాయి. లేసులు వదులు చేసి, నాలుక ముందుకి లాగి, లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి, గదిలో గాలి తగిలేలా పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లు తొందరగా ఆరాలని హీటర్ వెంట్ మీద పెట్టేస్తుంటారు. వద్దు. తోలు బిగుసుకుని పగులుతుంది, జిగురు ఊడుతుంది.

ఇనప దోసె పెనాన్ని మన అమ్మలు ఎలా చూసుకునేవారో గుర్తుచేసుకోండి. కడిగి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. బ్లేడ్ కూడా అంతే. చాలా ఫిగర్ స్కేట్ బ్లేడ్లు కార్బన్ స్టీల్‌తో చేసినవే. పైన క్రోమ్ పూత మెరుస్తుంది కాబట్టి తుప్పు పట్టదనుకుంటాం. కానీ పదును పెట్టే అంచు దగ్గర ఆ పూత ఉండదు. మనకి కావాల్సిన చోటే మొదట తుప్పు పడుతుంది. హాకీ స్కేట్స్‌కి ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్ వస్తుంది, అది కాస్త తట్టుకుంటుంది. తుడవకుండా వదిలేయడానికి అది సాకు కాదు.

చేత్తో ఎలా పట్టుకోవాలి? లేసులు ముడేసి మెడలో వేసుకుంటే తేలిక కదా?

మెడలో వేసుకోవద్దు. పోస్టర్లలో, గ్రీటింగ్ కార్డుల్లో అలా కనిపిస్తుంది, అందుకే అందరికీ ఆ ఆలోచన వస్తుంది. నడుస్తుంటే స్కేట్స్ ఊగి ఛాతీకి, పక్కనున్న పిల్లల ముఖానికి తగులుతాయి. మంచు పేరుకున్న పార్కింగ్ లాట్‌లో జారి పడితే బ్లేడ్ మీదే పడతాం. పైగా ఒక బ్లేడ్ ఇంకోదానికి కొట్టుకుని అంచులో చిన్న గాటు పడుతుంది. ఆ గాటు పదును పెట్టించేదాకా పోదు.

బ్లేడ్లకి తొడుగు ఉండాలి. రెండు స్కేట్స్‌నీ ఒకదాని మడమ ఇంకోదాని ముందుభాగం వైపు వచ్చేలా జతచేసి, బూటు పైభాగాన్ని పట్టుకుని, బ్లేడ్లు నేల వైపు ఉండేలా ఒంటి పక్కన మోయాలి. చిన్న పిల్లలకి అసలు ఇవ్వకండి. అయిదారేళ్ల పిల్ల తన స్కేట్స్ తనే మోస్తానంటే ముచ్చటేస్తుంది, నాకూ వేసింది. బ్యాగ్‌లో పెట్టి, ఆ బ్యాగ్ ఇవ్వండి.

ఏ బ్యాగ్ కొనాలి?

ఖరీదైనదే కావాలని లేదు. అడుగు గట్టిగా ఉండాలి, స్కేట్స్‌కి వేరే అర ఉండాలి, గాలి ఆడటానికి జాలీ ఉంటే మంచిది. ఫిగర్ స్కేటింగ్ పిల్లలు చక్రాలున్న జూకా బ్యాగ్ కోసం మారాం చేస్తారు. దాని ఫ్రేమ్ మీద కూర్చుని లేసులు కట్టుకోవచ్చు, కాబట్టి పనికొచ్చేదే, కానీ మొదటి ఏడాదే అక్కర్లేదు. మామూలు బ్యాక్‌ప్యాక్‌తో మేం రెండేళ్లు నెట్టుకొచ్చాం.

బ్యాక్‌ప్యాక్ అయితే ఒక్క జాగ్రత్త. బ్లేడ్లు వీపు వైపు ఉండకూడదు. వెల్లకిలా పడితే వెన్నుకి తగులుతుంది. బూట్ల అడుగు బయటికి, మెత్తని బట్టలు వీపు వైపు ఉండేలా సర్దండి. తడి గ్లవ్స్, తడి సాక్స్ స్కేట్స్ ఉన్న అరలో పెట్టకండి. తిండి డబ్బా గురించి మా అమ్మ వేలు చెప్పింది కదా, దానికి వేరే సంచి.

స్కూల్ వాళ్లు స్కేటింగ్ ట్రిప్ అంటున్నారు. మేం వెంట ఉండం. స్కేట్స్ ఎలా పంపాలి?

కెనడాకి వచ్చిన మొదటి ఏడాది తల్లిదండ్రులకి ఈ నోటు ఇంటికి రాగానే టెన్షన్ మొదలవుతుంది. సొంత స్కేట్స్ లేకపోతే అద్దెకి దొరుకుతాయా అని స్కూల్‌ని అడగండి, మొదటిసారికి అవి చాలు. సొంతవి పంపిస్తే బ్లేడ్లకి తొడుగులు తప్పకుండా ఉండాలి. తొడుగు ఊడకుండా మీద ఒక పాత సాక్స్ కూడా లాగేయండి. చూడటానికి ఎలా ఉన్నా భద్రంగా ఉంటుంది. స్కేట్స్ మీదా, గార్డ్స్ మీదా పేరు రాయండి, ఎందుకంటే ఆ రోజు బెంచీ కింద ముప్ఫై జతల నల్ల గార్డ్స్ ఉంటాయి. బస్సులో బ్యాగ్ కాళ్ల దగ్గర పెట్టుకోమని చెప్పండి. సీటు మీదా, ఒళ్లోనూ వద్దు. తుడుచుకోవడానికి ఒక చిన్న టవల్ పెట్టండి. సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) ముద్ర ఉన్న హాకీ హెల్మెట్ అడుగుతారు, సైకిల్ హెల్మెట్ చాలదు.

కారులో ఎక్కడ పెట్టాలి?

డిక్కీలో, అడుగున. సీటు మీద వదిలేసిన స్కేట్ సడన్ బ్రేక్ వేస్తే ఎగిరొస్తుంది. ఇంటికొచ్చాక డిక్కీలోనే వదిలేయకండి. చలికాలంలో రాత్రంతా బయట ఉంటే బూటు కట్టెలా బిగుసుకుపోతుంది, తడి గడ్డకడుతుంది, ప్లాస్టిక్ గార్డ్స్ పెళుసుబారి విరుగుతాయి. ఎండాకాలంలో మూసిన కారు వేడికి జిగురు వదులవుతుంది. వేడి చేసి పాదానికి తగ్గట్టు మలిచే బూట్లయితే ఆకారం కూడా మారొచ్చు.

గార్డ్స్ లేకుండా నాలుగడుగులు నడిస్తే ఏమవుతుంది? రింక్‌లో రబ్బర్ మ్యాట్లు ఉన్నాయిగా?

శుభ్రమైన రబ్బర్ మీద నాలుగడుగులకి కొంపేం మునగదు. కానీ ఆ మ్యాట్ మీదే అందరూ బయటి బూట్లతో తిరుగుతారు. రోడ్ల మీద చల్లే ఉప్పు, ఇసుక, చిన్న రాళ్లు అన్నీ అక్కడికి చేరతాయి. ఒక్క ఇసుక రేణువు చాలు అంచు పాడవడానికి. కాంక్రీట్ మీద, టైల్స్ మీద అయితే ఒక్క అడుగు కూడా వద్దు.

స్కేట్స్‌తో నేల మీద నడవడానికి డచ్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది: క్లూనెన్. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో గడ్డకట్టిన కాలువల మీద పదకొండు పట్టణాలు చుట్టి వచ్చే పందెం ఒకటి ఉంది, దాదాపు 200 కిలోమీటర్లు. మంచు తగినంత మందంగా గడ్డకడితేనే పెడతారు, ఆఖరిసారి జరిగింది 1997లో. దారిలో మంచు పలచగా ఉన్న చోట, వంతెనల దగ్గర, స్కేటర్లు గట్టెక్కి నడవాలి. అక్కడ వాళ్ల బ్లేడ్లు పాడవకుండా తివాచీలు పరుస్తారు. వేలమంది స్కేట్స్‌తో తివాచీల మీద టకటకా నడిచి వెళ్లి మళ్లీ మంచు మీదికి దిగుతారు. అంత పెద్ద పందెంలోనే బ్లేడ్‌ని అలా కాపాడుకుంటుంటే, మనం బెంచీ నుంచి గేటు దాకా గార్డ్స్ తొడుక్కోవడానికి బద్ధకించడం న్యాయం కాదనిపిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గార్డ్స్ తీయడం మర్చిపోయి మంచు మీద అడుగు పెడితే ప్లాస్టిక్ జర్రున జారి, కాళ్లు రెండూ గాల్లోకి లేస్తాయి. అనుభవం ఉన్నవాళ్లకీ జరుగుతుంది. గేటు దగ్గర ఒక చెయ్యి గోడ మీద వేసి, రెండు గార్డ్స్ తీసి అక్కడే పెట్టి, అప్పుడే లోపలికి వెళ్లడం పిల్లలకి అలవాటు చేయండి. రోజూ ఒకే వరసలో చేస్తే మర్చిపోరు.

ఒట్టావాలో చలికాలం గడ్డకట్టే రిడో కెనాల్ మీద స్కేటింగ్‌కి వెళ్తున్నాం. బూట్లు ఏం చేయాలి?

బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుని వెంట తీసుకెళ్లండి. కెనాల్ మీద స్కేట్ చేసే దారి 7.8 కిలోమీటర్లు. ఒక చోట దిగి ఇంకో చోట ఎక్కాలనుకుంటే బూట్లు దగ్గరుండాలి. పిల్లలు అలిసిపోయి మధ్యలో స్కేట్స్ విప్పేస్తే అవి మోసేది మీరే, అందుకని ఖాళీ ఉన్న బ్యాగ్ తీసుకెళ్లండి, సోకర్స్ మర్చిపోకండి. బయటి మంచు మీద పగుళ్లు, ఇసుక ఉంటాయి కాబట్టి బ్లేడ్ తొందరగా మొద్దుబారుతుంది. పోటీలకి వాడే జతని అక్కడికి తీసుకెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బయల్దేరే ముందు కెనాల్ తెరిచారో లేదో చూసుకోండి. 2023 చలికాలంలో మంచు సరిగ్గా గట్టిపడక ఒక్క రోజు కూడా తెరవలేదు.

విమానంలో చేతి సామానులో తీసుకెళ్లనిస్తారా?

అమెరికాలో టీఎస్ఏ (విమానాశ్రయాల్లో తనిఖీ చేసే సంస్థ) నిబంధనల ప్రకారం ఐస్ స్కేట్స్‌ని క్యాబిన్ బ్యాగ్‌లోనూ, చెక్-ఇన్‌లోనూ పెట్టుకోవచ్చు. చెకింగ్ దగ్గర ఉన్న అధికారిదే ఆఖరి మాట. కెనడాలో బయల్దేరుతుంటే అక్కడ తనిఖీ చేసే సంస్థ క్యాట్సా వెబ్‌సైట్‌లో వస్తువు పేరు కొట్టి వెతికే సదుపాయం ఉంది, వెళ్లే ముందు రోజు చూసుకోండి. హైదరాబాద్‌కి వస్తూ దుబాయ్‌లోనో దోహాలోనో మారుతుంటే అక్కడ ఇంకోసారి సెక్యూరిటీ ఉంటుంది. మొదటి ఎయిర్‌పోర్ట్‌లో ఒప్పుకున్నది రెండోచోట ఒప్పుకోకపోతే, అక్కడ చెక్-ఇన్ చేసే దారి దొరకదు. అలాంటి ప్రయాణాల్లో చెక్-ఇన్‌లోనే వేయమంటాను.

పోటీకి వెళ్లేటప్పుడు మాత్రం, నిబంధనలు ఒప్పుకునే చోట, పిల్లల కోచ్‌లు స్కేట్స్‌ని చేతి సామానులోనే పెట్టమంటారు. బట్టలు పోతే ఇంకో జత కొనొచ్చు. పాదానికి అలవాటు పడిన స్కేట్స్ పోతే అదే సైజు కొత్తవి కొన్నా ఆ వారం పోటీకి పనికిరావు.

చెక్-ఇన్‌లో వేస్తే ఇలా సర్దండి. బ్లేడ్లు పూర్తిగా ఆరాక సోకర్స్ తొడిగి, మీద మందపాటి టవల్ చుట్టండి. బూటు నొక్కుకుపోకుండా లోపల సాక్స్ కుక్కండి. పెట్టె మధ్యలో పెట్టి చుట్టూ బట్టలు సర్దండి. తనిఖీకి తెరిచేవాళ్ల చెయ్యి తెగకూడదు, కాబట్టి టవల్ మీద 'పదునైన బ్లేడ్లు' అని ఇంగ్లిష్‌లో రాసిన చీటీ పెట్టండి. 23 కిలోల పెట్టెలో పచ్చళ్లకీ స్కేట్స్‌కీ చోటు కుదరాలంటే సర్దుకోవాల్సిందే. పచ్చడి సీసా పక్కన మాత్రం స్కేట్స్ పెట్టకండి.

మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. స్కేట్స్ ఇంట్లో వదిలేస్తే?

బాగా ఆరబెట్టి, బ్లేడ్ మీద పలచగా కుట్టుమిషన్ నూనె రాసి, గార్డ్స్ గానీ తడి సోకర్స్ గానీ లేకుండా, పొడి గుడ్డ చుట్టి అలమరలో పెట్టండి. బేస్‌మెంట్ చెమ్మగా ఉంటే అక్కడ వద్దు. తిరిగొచ్చాక మంచు మీదికి వెళ్లే ముందు నూనె తుడిచేయాలి.

మేం హైదరాబాద్‌లో ఉంటాం. ప్రాక్టీస్‌కి వేరే ఊళ్లకి వెళ్లాలి. మాకేమైనా సలహా?

మీ పిల్లలు పడే కష్టం తలుచుకుంటే గౌరవం కలుగుతుంది. ఇక్కడ మాకు రింక్ పది నిమిషాల దూరం. మీరేమో గురుగ్రామ్‌కో, డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింక్‌కో ప్రయాణం కట్టాలి. ఆ దూరాలు దాటే తెలంగాణ పిల్లలు లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో పతకాలు తెచ్చారు.

రైల్లో అయితే స్కేట్స్ బ్యాగ్‌ని కింది బెర్త్ కిందే పెట్టి గొలుసు వేయండి. పై బెర్త్ మీద నుంచి జారితే కింద పడుకున్నవాళ్లకి ప్రమాదం. షార్ట్ ట్రాక్ (చిన్న ట్రాక్ మీద వేగం పందెం) బ్లేడ్ పొడుగ్గా ఉంటుంది, కొద్దిగా వంపు తీసి ఉంటుంది. దానిమీద బరువు పెడితే ఆ వంపు చెడుతుంది, కాబట్టి పైన ఏ సూట్‌కేసూ పెట్టనివ్వకండి. ఇంకో సంగతి గాలిలో తేమ. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉంటే ఒక్క వానాకాలంలోనే బ్లేడ్ ఎర్రబడుతుంది. నూనె రాసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. మంచు దొరికేది ఏడాదిలో కొన్ని వారాలే అయినప్పుడు, మిగతా నెలలన్నీ బ్లేడ్‌ని కాపాడుకోవడం ఇంకా ముఖ్యం.

కొద్దిగా తుప్పు కనిపిస్తోంది. పారేయాలా?

అక్కర్లేదు. పైపైన ఉన్న మచ్చలు పదును పెట్టేటప్పుడు పోతాయి. మీరే ఇసుక కాగితంతో రుద్దకండి, అంచు గుండ్రమవుతుంది. గుంటలు పడేంత లోతుగా తినేస్తే పదును పెట్టేవారికి చూపించి అడగండి.

పదును పెట్టించి తెచ్చేటప్పుడు?

ఆ రోజే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. సోకర్స్ వెంట తీసుకెళ్లండి, షాపులోనే తొడిగించుకోండి. పదును చూద్దామని అంచు వెంట వేలు జరపకండి. చూడాలనుకుంటే గోటిని అంచుకి అడ్డంగా తేలిగ్గా తాకించండి, సన్నగా గీరుకుంటే పదును ఉన్నట్టే.

వేలు తెగితే?

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. ఎలా ఉందో చూద్దామని నిమిషానికోసారి గుడ్డ తీయకండి. పది నిమిషాలు అదిమినా ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా, వేలు కదపలేకపోయినా కుట్లు అవసరం పడొచ్చు, ఆసుపత్రికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు. రింక్‌లో జరిగితే సిబ్బందిని పిలవండి, ఫస్ట్ ఎయిడ్ వాళ్ల దగ్గర ఉంటుంది.

పాప పాదం పెరిగిపోయింది. ఈ జతని ఇంకో కుటుంబానికి ఇవ్వొచ్చా?

తప్పకుండా ఇవ్వండి. మా అమ్మాయి మొదటి జత మాకు అలా వచ్చిందే. మా దగ్గర నుంచి ఇంకో ఇద్దరు పిల్లల దగ్గరికి వెళ్లింది. ఇచ్చే ముందు బ్లేడ్ స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, కొత్త లేసులు వేయండి. గార్డ్స్, సోకర్స్ కూడా ఆ జతతోనే ఇచ్చేయండి. తీసుకునేవాళ్లకి స్కేటింగ్ కొత్తయితే బ్లేడ్ ఎలా తుడవాలో ఒకసారి వాళ్ల ముందే తుడిచి చూపించండి.